చప్పుడు చేయని కారు

మా వీధిలో ఏ ఇంటి నుంచైనా పొద్దున చప్పుడు వినిపించకపోతే, ఆ ఇంట్లో ఎవరికో జ్వరమనుకుంటారు. వీధి నిండా మగ్గాలే. పోగును మోస్తూ నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడు మాకు గాలిలాంటిది. ఉన్నప్పుడు తెలియదు, ఆగినప్పుడు తెలుస్తుంది. అట్లాంటి వీధిలోకి మా అన్న దశరథ ఒక కారు తెచ్చి, దాన్ని చప్పుడు లేకుండా నడిపిస్తానని పంతం పట్టాడు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో సంగతి. అన్నకు మగ్గం గుంటలో కాళ్లు నిలిచేవి కావు. నార్కట్‌పల్లిలో ఒక మోటారు షెడ్డుకు పోయి, ఏడాది పాటు ఉస్తాదుకు పానాలు అందిస్తూ పని నేర్చుకున్నాడు. వీధి చివర నూలుకు రంగులద్దే ఇంటి కొడుకు మొయినుద్దీన్ అన్నకు చిన్ననాటి జతగాడు. అతనూ కొన్నాళ్లు అదే షెడ్డులో ఉండి, తర్వాత లారీల మీద తిరిగి డ్రైవరయ్యాడు. ఇద్దరూ కలిసి పాలమూరులో ఒక వకీలు వాడి వదిలేసిన విలాయతి కారు కొనుక్కొచ్చారు. నల్లటి కారు, తాబేలు వీపు. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పాలని వాళ్ల ఆలోచన. నడపడం మొయినన్న వంతు, ఇంజను చూసుకోవడం అన్న వంతు.

నేను ఊరిబడిలో ఉన్న తరగతులన్నీ అయిపోగొట్టి, ఇంట్లో నూలు కండెలు చుడుతుండేదాన్ని. నా రాట్నం అరుగు మీద, కారు అరుగు ముందు. అందుకని ఆ ఇంజను మూత ఎప్పుడు లేచిందో, ఎందుకు లేచిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

వచ్చినప్పుడు ఇంజను లోపలి నుంచి టిక్కుటిక్కుమనేది. మొయినన్న పట్టించుకోలేదు. అన్న మాత్రం ఆ చప్పుడు విన్నప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవాడు. సాలె ఇంట పుట్టినవాడి చెవికి టిక్కుమన్నదంటే ఎక్కడో ఏదో సడలిందనే అర్థం. పడుగు బిర్రుగా ఉంటేనే గుడ్డ అని బాపు మాకు అక్షరాల కంటే ముందు నేర్పాడు. ఒకనాడు అన్న ఇంజను నెత్తి మీది రేకు విప్పాడు. లోపల వాల్వులు వరుసగా ఉన్నాయి. అవి చిన్న చిన్న మూతలు. తెరుచుకున్నప్పుడు పెట్రోలు ఆవిరి లోపలికి పోతుంది, పొగ బయటికి వస్తుంది. ఒక్కో మూతను నొక్కడానికి ఒక్కో ఇనుప చెయ్యి. ఆ చేతికీ మూతకూ నడుమ సన్నటి సందు కనిపించింది. దొరికిందిరా దొంగ అనుకున్నాడు అన్న. పానా పెట్టి అన్నింటినీ సందు లేకుండా బిగించాడు.

అంతే, చప్పుడు పోయింది. వీధి వీధంతా వచ్చి చెవి పెట్టి విన్నది. పక్కింటి సోమన్న తాత కారు మీద అరచెయ్యి ఆనించి, ఇది నడుస్తున్నదా నిద్రపోతున్నదా అని అడిగాడు. అన్న ఆ రోజు రెండుసార్లు తలకు నూనె రాసుకొని దువ్వుకున్నాడు.

మా ఊరికి రావాలంటే ఎర్రగట్టు ఎక్కాలి. మొరం నేల, నిట్టనిలువు తొవ్వ. మొదటి పెండ్లి కిరాయిలోనే కారు ఆ గట్టు నడుమ నిలబడిపోయింది. పొగ లేదు, చప్పుడు లేదు, బలం లేదు. మగవాళ్లు దిగి నెట్టారు. కదలలేదు. చివరికి పెండ్లికూతురు కూడా దిగి నడిచింది. తల్లిగారింట బండెక్కిన కొత్త కోడలు అత్తగారి వాకిట్లోనే దిగాలి, నడుమ తొవ్వలో కాలు నేలకు మోపకూడదని మా వైపు పట్టింపు. ఎడ్లబండ్ల కాలంలో పుట్టిన పట్టింపు అది. ఎడ్లు ఎన్నడూ ఆగలేదు కనుక దానికి ఎన్నడూ పరీక్ష రాలేదు.

ఆ తర్వాత దశరథ కారుకు నాలుగు చక్రాలు చాలవు, పెండ్లిపిల్ల కాళ్లు కూడా కావాలని ఊరంతా చెప్పుకున్నది. పెండ్లి కిరాయిలు ఆగిపోయాయి. దవాఖానకు పోయేవాళ్లు తప్ప ఎవరూ ఎక్కలేదు. అన్న పంతం కొద్దీ పెట్రోలు గొట్టం ఊదాడు, ప్లగ్గులు గీకాడు, గాలి జాలీ కడిగాడు. ప్రతిరోజూ తెల్లవారగానే ఇంటి నుంచి గట్టు కిందికి దిగి, మళ్లీ ఎక్కి చూసేవాడు. ప్రతిరోజూ కారు మేకపిల్లలా ఎక్కేది. బాగైందని మొయినన్నను నల్గొండకు పంపితే, తిరిగి వస్తూ గట్టు మీద మళ్లీ అదే కథ. పొద్దున ఎందుకు ఎక్కుతుందో, పొద్దుగూకే వేళకు ఎందుకు ఎక్కదో ఎవరికీ అంతుపట్టలేదు. గట్టుకే దాని మీద పగ ఉందని సోమన్న తాత తేల్చేశాడు.

ఇంతలో అన్నకే పెండ్లి కుదిరింది. పిల్ల సావిత్రమ్మ, దేవరకొండ దాపున ఒక ఊరు. వాళ్లూ నేతపనివాళ్లే. మా అమ్మ జానమ్మ కోడలి కోసం అప్పుడే కచ్చురం బండికి గూడు కట్టించడం మొదలుపెట్టింది. ఎడ్లు రెండు రోజులు నడిచినా సరే, ఆ కారు మాత్రం వద్దన్నది. అన్న అన్నం ముందు నుంచి లేవకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు.

"అమ్మా, నా పెండ్లాన్ని నా కార్ల తీసుకొస్త. గట్టు మీద ఆమె కాలు కింద పెట్టిందంటే తెల్లారి కారు అమ్మేస్త. బాపు పక్కన గుంటల కూసుంట."

బాపు తల ఎత్తలేదు. "గుంట యాడికి పోదు తియ్యి" అన్నాడు.

పెండ్లి పిల్లవాళ్ల ఊళ్లోనే జరిగింది. సావిత్రమ్మ తండ్రి గుర్వయ్య మామ ముందుచూపు గల మనిషి. కారు సంగతి ఆయన చెవిన కూడా పడింది. అందుకని అల్లుడికి కానుకగా కొత్త ఉక్కు పన్నె కొనిపెట్టాడు. పన్నె అంటే మగ్గానికి బిగించే పొడుగాటి దువ్వెన. దాని పండ్ల నడుమ నుంచే పడుగు పోగులు వస్తాయి. రేపు కారు పోయినా చెయ్యి ఖాళీగా ఉండొద్దు అల్లుడా అని నలుగురిలో అన్నాడు. అన్న నవ్వలేక నవ్వి పుచ్చుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో మొయినన్న నడిపాడు. బాసికం కట్టుకున్న అన్న అతని పక్కన. వెనక వదినె, ఆడబిడ్డనని నేను, మా ఇద్దరి ఒళ్లో అడ్డంగా ఆ పన్నె. కోడలిని ఎదుర్కోవాలని అమ్మ, బాపు ముందే బస్సులో బయలుదేరారు. గుర్వయ్య మామతో సహా మిగతావాళ్లంతా సామానుతో లారీలో మా వెనక వస్తున్నారు. నల్గొండలో చాయ్ తాగినప్పుడు కూడా వదినె సీట్లోంచి కదలలేదు. నార్కట్‌పల్లి దాకా కారు నీళ్ల మీద పడవలా వచ్చింది. ఎర్రగట్టు మొదలుకాగానే అన్న వీపు బిగుసుకుపోవడం వెనక నుంచి నాకు కనిపించింది. సగం గట్టు దాకా ఎక్కింది. తర్వాత ఊపిరి వదిలేసింది.

మొయినన్న చక్రాల కింద రాళ్లు పెట్టి వచ్చాడు. గంటసేపు ఆగితే చల్లబడి ఎక్కుతుందేమో, చూద్దామన్నాడు. అన్న ఒప్పుకోలేదు. ఇవాళ గంట ఆగి ఎక్కిస్తే రేపు మరో పెండ్లిలో ఎవరు ఆగుతారని అడిగాడు. పైగా గంట లోపలే లారీ వస్తుంది. గుర్వయ్య మామ ఒక్క మాట అనకుండా కూతుర్ని దింపి లారీ ఎక్కించుకుంటాడు. బాసికం చెవి మీదికి జారిపోయినా చూసుకోకుండా అన్న ఇంజను మూత లేపాడు.

కారులో మేమిద్దరమే మిగిలాం. వదినె కాళ్లు సీటు మీదికి ముడుచుకొని కూర్చుంది, కారు అడుగు కూడా నేల లెక్కే అన్నట్టు. ఈ కారుకు ఏం రోగమని మెల్లగా నన్ను అడిగింది. నేను చూసిందంతా చెప్పాను. చప్పుడు చేసేదని, అన్న బిగించాడని, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కుతుందని, దూరం ఉరికి కాగిన తర్వాత ఎక్కదని. ఆమె పన్నె మీద వేలితో గీస్తూ విన్నది. కొత్త పెండ్లికూతురు మొగుడితో నేరుగా మాట్లాడదు కనుక, నాతోనే, కానీ అన్నకు వినపడేటంత గట్టిగా అన్నది:

"అండాలూ, మా ఇంట్ల మగ్గం దిగెటప్పుడు పడుగు జర సడలించి దిగుతరు. లేకుంటే తెల్లారెవరకు సగం పోగులు తెగుతయి. మీ అన్న గా ఇనుముకు ఊపిరి తీసుకునే జాగా ఇడిసిండా లేదా అడుగు."

ఇంజను దగ్గర పానా చప్పుడు ఆగింది.

మూత పక్క నుంచి అన్న తల బయటికి వచ్చింది. "కాగితే ఇనుము సాగుతది" అన్నాడు, ఎవరితోనో తెలియదు. "బండిచక్రం పట్టా కాల్చి ఎక్కించేది గందుకే కద. సందు లేకుంటే సాగిన చెయ్యి మూతను తెరిచే పట్టుకుంటది. బలమంత గా తెరిచిన మూతల నుంచే పోతాంది."

మొయినన్న నెత్తి కొట్టుకున్నాడు. "అరే దశరథ, ఉస్తాదు సన్న రేకుల గుత్తి ఒకటి పెట్టుకునేటోడు, యాదికున్నదా? సందుల ఒక రేకు దూర్చి చూసేటోడు."

"మురికి తీస్తాండనుకున్న" అన్నాడు అన్న.

వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ రేకు ఎంత మందం ఉండేదని మొయినన్న తనలో తానే అనుకున్నాడు. అన్న కళ్లు మూసుకున్నాడు. మందం గుర్తు పట్టడంలో మా ఇంట్లో ఎవరూ తప్పరు. నూలు పోగును వేళ్ల మధ్య నలిపి నంబరు చెబుతారు. కళ్లు తెరిచి కిటికీలోంచి మా ఒళ్లోని పన్నె వైపు చూశాడు. దాని ఒక్కో పన్ను ఆ రేకంత మందమే. ఆ చూపు వదినె కూడా చూసింది. మా నాయిన ఇచ్చిన పన్నె అని ఆమె అనలేదు. రెండు చేతులతో ఎత్తి కిటికీలోంచి అందించింది.

మొయినన్న పటకారుతో పట్టి ఒక్క గుంజు గుంజాడు. పన్ను వచ్చింది. అన్న, వదినె, నేను ముగ్గురం ఒకేసారి ఊపిరి బిగబట్టాం. నేసేవాళ్లెవరైనా అంచు నుంచి తీస్తారు. మొయినన్న నట్టనడుమ నుంచి తీశాడు. ఇక ఆ పన్నెతో ఏ గుడ్డ నేసినా నడుమ గీత పడుతుంది.

"ఏమాయె?" అన్నాడు మొయినన్న.

"ఏం కాలే. హ్యాండిల్ తిప్పు" అన్నాడు అన్న.

ఇంజను నెత్తి మీది రేకు కాలుతోంది. అన్న తన మెడలోని పెండ్లి ఉత్తరీయం తీసి, దాంతో పట్టుకొని విప్పాడు. అది బాపు తన చేత్తో నేసింది. మొయినన్న ముందు నుంచి హ్యాండిల్ తిప్పుతుంటే, అన్న ఒక్కో చెయ్యి కింద ఆ పన్ను దూర్చి, అది సన్నగా పట్టి వదిలేటట్టు సందు పెట్టుకుంటూ పోయాడు. దూరంగా గట్టు కింద లారీ హారన్ వినిపించింది. అన్న తల తిప్పలేదు. చివరిది కూడా చూసి రేకు మూశాడు.

ఇంజను అందుకోగానే టిక్కుటిక్కుమన్నది. వచ్చిన కొత్తల్లోని చప్పుడే, కాకపోతే ఇంకా హుషారుగా. అన్న ముఖంలో పాత బాధ ఒక్క క్షణం కదిలింది. సాలె చెవి అంత తొందరగా మారదు. అన్న రాళ్లు తీసి ఎక్కగానే మొయినన్న గేరు వేశాడు. నా చెయ్యి వదినె చేతిలో ఉంది. కారు ముందుకు తూలింది, ఆగుతుందనుకున్నాం, ఆగలేదు. పాత చోటు దాటింది, పెద్ద బండ దాటింది. చివరి మలుపులో గొర్లమంద ఎదురొస్తే మొయినన్న వేగం తగ్గించాడు కూడా. అయినా గుర్రుమంటూ ఎక్కేసింది. గట్టు నెత్తిన అన్న కిటికీలోంచి తల బయట పెట్టి వెనక్కి చూశాడు. లారీ ఇంకా కింద సగంలో మూలుగుతోంది.

వదినె అప్పుడు కాళ్లు కిందికి దించి, తిమ్మిరెక్కాయని నాతో చెప్పింది.

వాకిట్లో అమ్మ హారతి పళ్లెంతో నిలబడి ఉంది. చప్పుడు విని కారు చెడిపోయిందనే అనుకుందట. వదినె కాలు సరిగ్గా మా వాకిట్లోనే దిగిన తర్వాత అమ్మ చూపు కొడుకు మీదికి మళ్లింది. బాసికం ఒకవైపు, మసి ఒకవైపు.

"బంగారమసొంటి ఉత్తరీయం గిట్ల చేస్తివేంది కొడుకా" అన్నది.

బాపు మాత్రం కారు దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని, కాసేపు విన్నాడు. "ఇప్పుడు పనిచేస్తున్నట్టున్నది" అని లోపలికి పోయాడు.

లారీ వచ్చి గుర్వయ్య మామ దిగగానే ఆయన కళ్లు ముందు కూతురి పాదాల మీద, తర్వాత పన్నె మీద పడ్డాయి. దాన్ని వెలుతురుకు పట్టి, నడుమ సందులోంచి అల్లుడిని చూశాడు. ఇది నేతకు పనికిరాదని అన్నాడు. అవును మామా, పనికిరాదని అన్న ఎంతో వినయంగా ఒప్పుకున్నాడు.

ఆ వారంలోనే సోమన్న తాత మనుమరాలి పెండ్లికి కారు అడిగారు. పన్నె అప్పటి నుంచి డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ఒక పన్ను వంగితే ఇంకోటి తీస్తారు. మొయినన్న పటకారు పట్టినప్పుడల్లా వదినె లోపలి నుంచి కేకేస్తుంది. ఎట్లాగూ చెడిపోయిందే కదా అని అతను ఎన్నిసార్లు చెప్పినా ఆమె వినదు.

"మొయినన్నా, అంచు పొంటి గుంజు."