మూడో కాజా

దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినవాడు పెద్దాయన. ముప్పై ఏళ్ళు నాటకాల్లో ఆ పెద్దాయన వేషం వేసినవాడు రెండో పెద్దాయన. వీధిలో పిల్లా పెద్దా అలాగే పిలిచేవారు. తల్లి పెట్టిన పేరు ముసలాయనకే గుర్తులేదు.

ఇప్పుడు సినిమావాళ్ళు వచ్చి పాత కచేరీ భవనంలో షూటింగు పెట్టారు. పెద్దాయన వేషం ఒక కుర్ర హీరోకి ఇచ్చారు. రమ్మని ముసలాయనకు కబురు పంపారు. సలహాల కోసం కాబోలనుకున్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు.

గేటు దగ్గర అసిస్టెంటు తలెత్తకుండానే, "గుంపులోకేగా? ఎడమపక్క గదిలో చొక్కా మార్చుకోండి," అన్నాడు.

ఎడమపక్క గదిలో మిషను ముందు మరదలు కూర్చుని ఉంది. పోయిన భార్యకు చెల్లెలు. ఈ సినిమాకి బట్టలు కుట్టేది ఆమే.

"రా బావా. ఎవరో హీరో వచ్చాడనుకుని లేచి నిలబడబోయాను."

"ఎకసెక్కాలు ఆపి చొక్కా ఇవ్వు."

గోడకు హీరో కోటు వేలాడుతోంది. ముసలాయన కళ్ళు దానిమీద పడ్డాయి. కొత్త గుడ్డ, మెరిసే గుండీలు. దగ్గరికి వెళ్ళి గుండీలు దూర్చే కాజాలు వేలితో తడిమాడు. మూడో కాజా దగ్గర వేలు ఆగిపోయింది. అది గుండీకి వేలెడు కిందికి ఉంది.

ఆ వంకర ఎవరిదో ఆయనకు తెలుసు.

మొట్టమొదటి కోటు భార్య కుట్టింది. జ్వరంతో కుట్టింది. మూడో కాజా కిందికి జారింది. ఆ సాయంత్రం నాటకంలో, జైలుకు వెళ్తూ పెద్దాయన సెలవు తీసుకునే చోట, గుండీ ఊడి కోటు నోరు తెరిచింది. లోపల చిరుగుల బనీను. చటుక్కున చెయ్యి గుండెమీద పెట్టుకుని, అలాగే మాట్లాడాడు. హాలంతా ఏడ్చింది.

ఇంటికొచ్చి కోటు ఆమె మొహాన కొట్టాడు. "కళ్ళెక్కడ పెట్టుకుని కుట్టావే?" అన్నాడు. సరిచేస్తానని ఆమె సూది తీస్తే కోటు లాక్కున్నాడు. ఆ తర్వాత ప్రతి కోటూ అలాగే కుట్టించాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

ప్రతి నాటకంలో ఆ చెయ్యి చూసి చూసి క్యాలెండరువాళ్ళు పెద్దాయన బొమ్మను గుండెమీద చెయ్యితోనే వేశారు. చౌరస్తాలో పెద్దాయన విగ్రహం చెయ్యి కూడా అక్కడే ఉంది. పత్రికలవాళ్ళు అడిగినప్పుడల్లా, "చిన్నప్పుడు పెద్దాయన్ని కళ్ళారా చూశాను. చెయ్యి అలాగే పెట్టుకునేవారు," అనేవాడు. పెద్దాయన్ని ఆయన చూసిందే లేదు.

"నా చెయ్యి వాడికెందుకిచ్చావు?" అన్నాడు ముసలాయన.

"నీ చెయ్యి నీ దగ్గరే ఉంది కదా బావా. నేనిచ్చింది మా అక్క కాజా."

"ముప్పై ఏళ్ళు చెమటోడ్చి సంపాదించుకున్నాను."

"అది కుట్టింది, నువ్వు చప్పట్లు కొట్టించుకున్నావు. ఒక్కసారైనా దాని పేరెత్తావా?"

జవాబు చెప్పేలోగా డైరెక్టరు గదిలోకి వచ్చాడు. వెనకాలే హీరో. నున్నటి మొహం, నిటారు నడుం. వాడి వయసులో తనకు వేషం వేసుకోను అద్దమే లేదు. ముసలాయనకు ఒళ్ళు మండింది.

"మీరేనటగా పెద్దాయన్ని స్వయంగా చూసింది? మాకో చిక్కు వచ్చింది," అన్నాడు డైరెక్టరు. "పాత ఫొటోలన్నీ తిరగేశాం. ఒక్కదాన్లోనూ గుండెమీద చెయ్యి లేదు. ఆ అలవాటు నిజంగా ఉండేదా? లేదంటే తీసేస్తాను."

ముసలాయన హీరో వంక చూశాడు. ఒక్క మాట చాలు. లేదంటే చాలు, ఆ చెయ్యి మళ్ళీ తనదవుతుంది. కుర్రాడు ఉత్త కోటుతో నిలబడతాడు. నోరు తెరిచాడు.

"చెప్పు బావా," అంది మరదలు, దారం పంటితో కొరుకుతూ. "అలవాటు కాకపోతే మరి ఆ చెయ్యి ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పు. నేనూ వింటాను."

చెబితే రేపు పత్రికల్లో పడుతుంది. జ్వరంతో ఒక ఆడమనిషి చేసిన తప్పని వీధంతా అంటుంది. విగ్రహం చెయ్యి ఆమెది అవుతుంది. కుర్రాడు తీసుకుంటే కళ్ళమంట. ఆమెకు దక్కితే అంతకంటే మంట. ఆమె చనిపోయి ఆరేళ్ళయింది. అయినా మనసొప్పలేదు.

"ఉండేది," అన్నాడు. "కళ్ళారా చూశాను."

"ఇంకేం, ఉంచేద్దాం," అని డైరెక్టరు వెళ్ళిపోయాడు. హీరో వంగి దండం పెట్టాడు. మరదలు మళ్ళీ మిషను తొక్కసాగింది. బావ మొహం చూడలేదు.

మధ్యాహ్నం షాటు తీశారు. మెట్లమీద హీరో, కింద రెండు వందల మంది గుంపు, అందులో ముసలాయన. సెలవు తీసుకునే మాట దగ్గర మూడో గుండీ ఊడింది. హీరో చెయ్యి మెల్లగా, నొప్పి తెలియనివ్వని మనిషిలా గుండెమీదికి వెళ్ళింది. పక్కన ఎవరో ముక్కు చీదారు. తను ఏనాడూ అంత మెల్లగా పెట్టలేదని ముసలాయనకు తెలిసిపోయింది.

"కట్!" మైకులో అసిస్టెంటు అరిచాడు. "మూడో వరసలో తాతా! చెయ్యి దించు! గుండెమీద చెయ్యి పెద్దాయన ఒక్కడే పెట్టాలి!"

ఎవరినా అని ముసలాయన అటూ ఇటూ చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. తన చెయ్యి గుండెమీద ఉంది.

దించాడు. గుంపు చొక్కాకి గుండీలన్నీ సరిగ్గా పెట్టి ఉన్నాయి.