ఇరవై రెండు పెసోల కిలో

పెంచింది రెండు పెసోలు. కిలో మొక్కజొన్న రొట్టెలు ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు. పలక మీద అంకె మార్చిన గంటకే టీవీ వాళ్లు కెమెరాతో దిగిపోయారు. పోయిన నెల నా గ్యాసు ఖర్చు రెట్టింపైతే ఒక్కడూ తొంగిచూడలేదు.

"ఎందుకు పెంచారండీ?" అంది మైకు పట్టుకున్న పిల్ల.

ఉత్తరాన వానల్లేక మొక్కజొన్న పండలేదనీ, గ్యాసు మండిపోతోందనీ, రొట్టెల మిషను బెల్టు తెగితే కొత్తది కొన్నాననీ మొదలుపెట్టాను.

"ఒక్క ముక్కలో చెప్పండి!"

"ఒక్క ముక్కలోనా? నా ఖర్మ!" అన్నాను.

మధ్యాహ్నం వార్తల్లో ఆ ఒక్క ముక్కే వేశారు. బజారంతా పగలబడి నవ్వింది.

మర్నాటికి నా కొట్టు ముందుండాల్సిన వరస రోడ్డు దాటి గుమెర్సిందో కొట్టు ముందు చేరింది. వాడి పలక మీద ఇంకా ఇరవై రెండే. అదే మొక్కజొన్న, అదే గ్యాసు. వాడికెలా గిట్టుతోందని ఒక్కరైనా అడిగారా? మా ఆయన నికనోర్ తెల్లవారుజామున రుబ్బిన ముద్ద మధ్యాహ్నానికి పులిసిపోతోంది. ఇంకో వారం ఇలాగే నడిస్తే కొట్టు మూసుకోవాల్సిందే. మా అమ్మ నాటి నుంచీ నిండు కిలో ఇచ్చే కొట్టన్న పేరు తప్ప మాకు వేరే ఆస్తి లేదు.

నాలుగో రోజు రెమెదియోస్ వదిన నా కంట పడింది. మా రెండో పిల్లని జ్ఞానస్నానంలో ఎత్తుకున్న మనిషి, ముప్పై ఏళ్లుగా నా దగ్గరే కొనే మనిషి, ఎదుటి కొట్టు మూట గుడ్డలో దాచుకుని గోడవారగా జారుకుంటోంది.

"వదినా! ఇలా రా. ఆ మూట ఈ కాటా మీద పెట్టు."

తొమ్మిది వందల గ్రాములు తూగింది.

"చూశావా? కిలోకి వంద గ్రాములు నొక్కేస్తున్నాడు! లెక్కేస్తే నా రొట్టెలే చవక!"

"తెలుసులేవే. ఇన్నేళ్లుగా మోస్తున్నాను, చేతికి తెలీదూ?"

"తెలిసీ వాడి దగ్గరికే పోతున్నావా?"

"వాడు ధర పెంచలేదు కదే! మా ఆయన ధర అడుగుతాడు గానీ రొట్టెలు లెక్కపెడతాడా? ఇరవై నాలుగంటే ఇల్లు పీకి పందిరేస్తాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. వాడి మీద అరవాలో, ఆవిడ మీద అరవాలో కూడా తెలియక గిన్నెలు ఎత్తేసి ఆ పూటకి కొట్టు కట్టేశాను.

మర్నాడు పలక తుడిచి ఇరవై రెండు రాశాను. ప్రతి మూట కట్టే ముందూ నా చేత్తోనే నాలుగు రొట్టెలు వెనక్కి తీశాను. నికనోర్ చూసి తల తిప్పుకున్నాడు. తొమ్మిదయ్యేసరికి వరస వీధి మలుపు దాకా సాగింది.

రెమెదియోస్ వదిన మూట అందుకుని, అరచేతిలో ఓసారి ఎగరేసి చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మాత్రం మనసారా నవ్వి, అందరూ వినేలా అంది.

"హమ్మయ్య, ఎర్మెలిందా! ఇప్పటికి దారికొచ్చావే!"