కాశమ్మ అరచేతి గీతలు

ఫలక్‌నుమా అవతల నల్లరాయి కొట్టే గుట్ట దగ్గర, మేస్త్రి ఇశ్రాయేలు పొద్దున్నే కాశమ్మ అరచెయ్యి చూసి గానీ పని మొదలుపెట్టించేవాడు కాదు. ఆమె ఒకసారి తాకిన రాయిలో ఎప్పుడు నెర్రె పుట్టినా, ఆమె కుడి అరచేతిలో వెంట్రుకంత ఎర్రగీత లేచేది. గీతలు తలో దిక్కున చెదురుగా ఉంటే ఫికర్ లేదు. బరువు మోసే ఏ రాయిలోనైనా అట్లాంటి సన్న నెర్రెలు ఉంటాయి. ఒకదాని కొసకు ఒకటి చేరి వరస కడితే మాత్రం ఇశ్రాయేలు అందరినీ కిందికి దిగమనేవాడు. కాసేపటికి బండ ఆ వరస వెంబడే రెండయ్యేది. గుట్ట మీద గడియారం లేదు, కాశమ్మ చెయ్యి ఉంది, అంతే.

ఎమర్జెన్సీ పోయిన ఏడు శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టి ఆదివారం తెరిపి ఇచ్చింది. ఆ రోజు పని లేదు. దబీర్‌పురాలో ఇంటి ముందు బట్టలు పిండుతున్న కాశమ్మ అరచేతిలో గీతలు లేచాయి, నలభై దాకా. భర్త నర్సింహ రోలు, ఇసుర్రాయి, గడప తడిమి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఇంకేం రాయి ముట్టినవని అడిగితే ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, చెల్లెలి ఇంటి వాకిలి అన్నది.

ఆరేళ్ల కిందట తల్లి చనిపోయినప్పుడు, కార్వాన్‌లో ఉండే చెల్లెలు మాణిక్యమ్మకు కబురు తీసుకుపోయిన మనిషి ఇల్లు దొరక్క తిరిగొచ్చాడు. అక్క కావాలనే చెప్పలేదని మాణిక్యమ్మ పట్టుబట్టింది. సర్దిచెప్పడానికి కాశమ్మ పోతే తలుపు తియ్యలేదు. పొడుగు మనిషి కాశమ్మ, వాకిలి మీది అడ్డబండకు చెయ్యి ఆనించి ఎంతసేపో నిలబడి వచ్చేసింది.

మొగుడూ పెళ్లాలు రిక్షా ఎక్కారు. పురానాపూల్ దాటేసరికి గీతలు దగ్గరికి జరుగుతున్నాయి.

మాణిక్యమ్మది ఒకే అర్ర, ఒకే వాకిలి. ఇల్లుగలాయన పైన ఇంకో అర్ర కడతానని సరిగ్గా వాకిలి నెత్తినే, కప్పు మీద ఇటుకలు పేర్పించి, వెనక ఇసుక పోయించాడు. ఇసుక వానకు తడిసి ముద్దయింది. లోపల మంచం మీద ఆమె భర్త ఈశ్వరయ్య, తొడ ఎముక విరిగి, కాలికి సిమెంటు కట్టుతో పడుకున్నాడు. ఆ మంచం బయటికి రావాలంటే నలుగురు మనుషులు వాకిట్లో మెల్లగా తిప్పుకోవాలి. వాకిలి చౌకట్‌కు కొంచెం తగిలినా బండ ఆగదు.

కాశమ్మ గడప బయటే నిలబడి అరచెయ్యి చాపింది. "మాణిక్యా, ఉరికి బయటికి రా."

మాణిక్యమ్మ ఆ చేతిని చూసింది, నెత్తి మీది బండను చూసింది.

"ఆయన్ను ఇడిసిపెట్టి నేను రాను."

ఆరేళ్లకు అక్కతో అన్న మొదటి మాట అది.

"సరే. మంచం లోపటి గోడకు జరుపు. నేను ఈడనే ఉంట."

నర్సింహ గల్లీలో వాళ్లను పిలిచాడు. పాలమ్మే అంజన్ రెండు నిచ్చెనలు తెచ్చాడు. కప్పు మీద కాలు పెట్టకుండా, రెండు పక్కల నుంచీ ఇటుకలు దించి చేతి నుంచి చేతికి అందించుకున్నారు. కాశమ్మ చెయ్యి చూస్తూ ఆగుమంటే ఆగారు, తియ్యమంటే తీశారు. ఇటుకలు అయిపోయి తట్టలతో ఇసుక దించేటప్పటికి, ఆమె అరచేతిలో రెండు కొసల నుంచీ వరస కట్టుకొచ్చిన గీతల నడుమ బియ్యపు గింజంత సందు మిగిలింది. ఆఖరి తట్ట దిగింది. సందు అట్లాగే ఉంది. కొత్త గీత లేవలేదు.

"ఆగింది," అన్నది కాశమ్మ. అని అక్కడే చతికిలబడింది.

బండ కింద రెండు సరుగుడు కట్టెలు ఊతంగా నిలబెట్టాక మంచం నిమ్మళంగా బయటికొచ్చింది. వెనకే వచ్చిన మాణిక్యమ్మ అక్క పక్కన కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"నొస్తుందా అక్కా?"

"ఇప్పుడు లేదు."

ఇల్లు బాగయ్యేదాకా దబీర్‌పురాలోనే ఉండమన్నాడు నర్సింహ. ఈశ్వరయ్యను మంచంతో సహా తోపుడుబండి మీదికి ఎక్కించారు. అక్కాచెల్లెళ్లు వెనక నడిచారు. ఆఖరి రోజు అమ్మ ఏం తిన్నదని మాణిక్యమ్మ అడిగింది. కాశమ్మ చెప్పింది. మూసీ దాటేదాకా ఇద్దరూ ఏడుస్తూనే నడిచారు. బండి మీద వెల్లకిలా పడుకున్న ఈశ్వరయ్యకు ఆకాశం తప్ప ఏమీ కనబడటం లేదు. అయినా ప్రతి మలుపులోనూ, ఎడమకు తిప్పు, గుంత చూసుకో అని బండి తోస్తున్న నర్సింహకు తోవ చెబుతూనే ఉన్నాడు. మూడోసారి తప్పు చెప్పినప్పుడు ముందు నవ్వింది మాణిక్యమ్మే.