అంగుళం పొడవెక్కువ

ప్యాకింగ్ షెడ్డులో అందరూ ఆమెని స్కేలక్క అనేవాళ్ళు. బీన్స్ కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, పొడవెంతో చెప్పేసేది. కొలిచి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. రైతులు తెచ్చిన పెట్టెల్లో ఏవి విమానమెక్కాలో, ఏవి వెనక్కి పోవాలో పదకొండేళ్ళుగా తేల్చేది ఆమే.

ఆ ఏడాది తమ్ముడి చేత బీన్స్ వేయించింది కూడా ఆమే. "ఎన్నాళ్ళురా ఆ జొన్నలతో కుస్తీ? కంపెనీవాళ్ళే విత్తనమిస్తారు, పండిందంతా వాళ్ళే కొంటారు" అని వెంటపడింది.

"ఈ పుల్లల్లాంటి కాయలు ఇక్కడెవడూ తినడు కదే అక్కా. వాళ్ళు వద్దంటే నా గతేంటి?"

"నేనుండగా ఎందుకు వద్దంటారు?"

ఆ ఒక్క మాట పట్టుకుని ఉన్న ఎకరన్నరా వేసేశాడు. మొదటి రెండు కోతలూ చక్కగా వెళ్ళిపోయాయి. షెడ్డులో అందరికీ "మా తమ్ముడి కాయ" అని చూపించి మురిసిపోయింది.

మూడో కోత రోజు పొద్దున్నే మేనేజరు కాగితం పట్టుకుని వచ్చాడు. దూరదేశంలో ఈ కాయలమ్మే దుకాణాలవాళ్ళు ప్లాస్టిక్ ట్రేలు మార్చారట. కొత్త ట్రే అంగుళం చిన్నది.

"పొడుగు కాయ ఒక్కటి కూడా తీసుకోవద్దమ్మా."

"కొస తుంచి పెడితే సరిపోదా సార్?"

"తుంచిన చోట నల్లబడుతుంది, వద్దన్నారు."

"రైతులకి కబురైనా లేదే! ఈపాటికి కోసేసుంటారు."

"నాకే ఇప్పుడు తెలిసింది. పోయిన నెల కొలత తప్పిన సరుకు వెనక్కొచ్చే కదా పక్క షెడ్డు మూతపడింది, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. ఆమె వెనక బల్లల దగ్గర నలభైమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు.

వరసలో మొదటి బండి తమ్ముడిదే. మొగుడూ పెళ్ళామూ తెల్లారకముందే లేచి కోసిన కాయలు, ఇంకా తడారలేదు. ఆమె ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి చూసింది.

"పోయినవారం తీసుకున్న కాయేగా అక్కా ఇది?"

"కాయ బంగారంలా ఉందిరా. పొడవే..."

"నువ్వే వద్దంటున్నావా?"

వెనక నలభైమంది చేతులూ ఆగిపోయాయి. ఆమె తలెత్తలేదు. పెట్టెని పక్కకి నెట్టింది. తరవాతిది, ఆ తరవాతిది కూడా. వాడు అన్నీ తనే బండికెత్తుకున్నాడు.

సంతలో సాయంత్రందాకా కూర్చున్నా ఒక్కరూ ముట్టుకోలేదట. ఎంతని పశువులకి వేస్తాడు? కొత్త కొలతకి సరిపోయేలా లేతగా కోయడం అలవాటయ్యేసరికి తీగలు ఎండిపోయాయి. చివరికి పొలం కంపెనీకే కౌలుకిచ్చి, అదే పొలంలో మొగుడూ పెళ్ళామూ కూలికి వెళ్తున్నారని ఎవరో చెబితే ఆమెకి తెలిసింది.

సెలవురోజు చూసుకుని వెళ్ళింది. వాడు గుమ్మంలో పార కడుగుతున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"రండి, కూర్చోండి" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక వాడు ఆమెని మీరు అనడం అదే మొదలు. మరదలు మంచినీళ్ళు తెచ్చిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

"ఒరేయ్, తిట్టరా నన్ను. చెంప పగలగొట్టు, పడతాను. అంతేగానీ ఇదేంట్రా?"

"మిమ్మల్నెందుకు తిడతాను? మీ పని మీరు చేశారు" అన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమె తట్టుకోలేకపోయింది. దారంతా కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది.

మర్నాడు షెడ్డుకి మొదటి పెట్టెలు ఆ ఎకరన్నరలోంచే వచ్చాయి. కాయలన్నీ ఒకే కొలత. దేనికీ వంక పెట్టడానికి లేదు. ఒక్కో పెట్టే చూసి, తీసుకోమని చెప్పింది.