తార ఎప్పుడు తింటాది?

నానబెట్టిన అనపగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, తొక్క వేళ్లకు అంటుకుంటుంది. ఆ పనికి కళ్లు అక్కర్లేదు. అందుకే ఆ శనివారం సాయంత్రం కృపారాణి వేళ్లు పితికిపప్పు పనిలోనూ, కళ్లు బిందెకు ఆనించి నిలబెట్టిన సెల్‌ఫోన్‌లోనూ ఉన్నాయి. ఫోన్‌లో నీలిపిడుగు మేడ మీంచి దూకుతున్నాడు.

"నీకేంలే, పని చేసుకుంటానే బొమ్మలు సూడొచ్చు. మాకట్ల కుదరతాదా?" అంటూ ఆమె భర్త సునీల్‌కుమార్ తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లాడు.

చూడమన్నది అతనే. సునీల్‌కుమార్ రేణిగుంట రోడ్డులో ఒక మోటారుసైకిళ్ల షోరూములో సేల్స్ చూస్తాడు. ఆదివారాలు మాత్రం యూట్యూబ్‌లో 'నీలిపిడుగు అడ్డా' నడుపుతాడు. పగలంతా గడియారాలు బాగుచేసుకునే కుర్రాడు, ఉరుము వినిపించగానే నీలం వెలుగై ఎగిరిపోయే నీలిపిడుగుగా మారే కథ అది. దాన్ని ఇప్పటికి మూడుసార్లు కార్టూన్ సీరియల్‌గా తీశారు. మొదటిది కృపారాణి చంద్రగిరిలో బడికి పోయేనాటిది. రెండోది డిగ్రీ చదివేటప్పటిది. మూడోది ఇప్పుడు ఫోన్లో వస్తున్నది. 'మూడు నీలిపిడుగుల్లో ఎవరు గొప్ప?' అని వీడియో చేస్తానని సునీల్‌కుమార్ మాటిచ్చేశాడు. మూడూ చూసి, ఏది ఎక్కడుందో వెతికి, అతను చదవబోయే ప్రతి ముక్కా రాసిపెట్టే పని ఎప్పటిలాగే కృపారాణిది.

ఆ పని ఆమెకు ఇష్టమే, అబద్ధమెందుకు. బస్సులో చూసేది. పక్క సీట్లో కొండ దిగి వచ్చిన యాత్రికురాలు, గుండుకు గంధం పూసుకున్న పెద్దావిడ, ఆమె భుజం మీంచి తొంగిచూసి "వాడెవడమ్మా, ఆంజనేయస్వామికి చుట్టమా?" అని అడిగితే నవ్వాగక దిగాల్సిన స్టాపు దాటిపోయింది కూడా. సంగటి గెలుకుతూ చూసేది. పాత బొమ్మలో నీలిపిడుగు ఎగురుతుంటే వెనక మేఘాలు అవే అవే మళ్లీ వచ్చేవి. అయినా వాడి ముఖంలో ఒక జాలి ఉండేది. రెండోవాడికి కండలు వచ్చాయి, నవ్వు పోయింది. ఎప్పుడూ వర్షంలోనే నిలబడతాడు. మూడోవాడి వెంట్రుక వెంట్రుకా కదులుతుంది, వల్లెవాటు నిజం గుడ్డలాగే ముడతలు పడుతుంది, కానీ వాడు దూకితే బరువుండదు. ఇవన్నీ ఆమె రాసిన మాటలే. వీడియోలో సునీల్‌కుమార్ నోటి నుంచి "నా పరిశీలనలో..." అని వస్తాయి.

కిందటి నెల ఒక వీడియోలో అతను తనంతట తాను ఒక జోకు కలిపాడు. "మా ఇంట్లోదానికైతే నీలిపిడుగుకీ నీలిమందుకీ తేడా తెలీదు!" జనం నవ్వుల బొమ్మలు కుప్పలుగా పోశారు. కృపారాణి పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో మేనేజరు గంగాధరం మర్నాడు ఆమెను పిలిచి, "మీ ఆయనది బుర్రంటే బుర్రమ్మా! నువ్వూ అప్పుడప్పుడూ సూస్తా ఉండు, నాలుగు విషయాలు తెలుస్తాయి" అన్నాడు. ఆమె అతని ముందు టీ గ్లాసు పెట్టింది. టీ పెట్టడం ఆమె ఉద్యోగంలో లేదు. కానీ కౌంటర్లో ఆడమనిషి ఒక్కతే కాబట్టి ఆ పని ఆమెకే వచ్చిపడింది. ఇంటికొచ్చి ఆ జోకు సంగతి అడిగితే సునీల్‌కుమార్ ఆశ్చర్యపోయాడు. "తమాషాకు అంటిని మే! దానికీ మొగం మాడ్చుకుంటే ఎట్ల?"

ఇప్పుడు ఎదురుగా ముక్కాలిపీట మీద అత్త ఎస్తేరమ్మ కూడా పప్పు పితుకుతోంది. మోకాళ్ల నొప్పులతో కిందకు దిగలేని ఆవిడకు కోడలి ఫోనే కాలక్షేపం. మూడు సీరియళ్లూ కోడలితో పాటే చూసింది. తెరమీద మొదటి సీరియల్ నడుస్తోంది, తార కిటికీ దగ్గర నిలబడి ఉంది. నీలిపిడుగు పెళ్లాం తార. వాడు లోపలికి దూకగానే గబగబా కంచం పెట్టింది. వాడు నాలుగు ముద్దలు మింగాడో లేదో ఉరుము వినిపించింది, ఎగిరిపోయాడు.

"కృపా," అంది ఎస్తేరమ్మ, "ఆ పిల్ల ఎప్పుడు తింటాదే?"

"ఎవురత్తా?"

"ఆ తార. మూడు బొమ్మలూ సూస్తిని గదా. వానికి పెడతానే ఉండాది, ఆయమ్మ తిన్నట్ల యాడా సూడలే."

కృపారాణి పగలబడి నవ్వింది. ముసలావిడా నవ్వింది. కాసేపటికి కృపారాణి నవ్వు ఆగింది, వేళ్లూ ఆగాయి. తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. రెండో సీరియల్లో తారను వారానికొకసారి ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. తాళ్లతో కట్టేసి ఉంటుంది, నీలిపిడుగు వచ్చి విడిపించాక మేడ మీద వాడికి కాఫీ ఇస్తుంది, ఒకటే కప్పు. మూడోదాంట్లో తార సైంటిస్టు. తెల్లకోటు, కళ్లజోడు, వాడి సూటు తయారుచేసేది ఆమే. వాడు రాగానే సూటుకు పడ్డ చిల్లులు అతుకుతూ పక్కనున్న డబ్బా మూత తీసి వాడివైపు జరుపుతుంది. వాడు తింటాడు. ఆమె అతుకుతుంది. పాతికేళ్లలో వాడికి కండలొచ్చాయి, వాన వచ్చింది, వెంట్రుకలు కదిలాయి. ఆమెకు పెద్ద చదువు కూడా వచ్చింది. ఒక్క ముద్ద మాత్రం రాలేదు.

చంద్రగిరిలో చిన్నప్పుడు నాయన తువ్వాలు వీపుకు కట్టుకుని పిట్టగోడ మీంచి దూకినప్పుడు తను ఎప్పుడూ నీలిపిడుగే. తారగా ఉండమంటే ఆటే మానేసేది. మరి ఎప్పుడు మారింది? పెళ్లినాడా? కాదు. "అందరం తినేసినాక నువ్వూ నిదానంగా తినొచ్చులే" అని సునీల్‌కుమార్ ప్రేమగానే అన్న రోజునా? స్టవ్ పక్కన నిలబడి గిన్నెలోనే కలుపుకుని తినడం అలవాటైన రోజునా? ఏ రోజూ గుర్తుపెట్టుకునేంత పెద్దగా లేదు. అదే ఆమెకు విడ్డూరంగా తోచింది. ఎవరూ ఎత్తుకుపోలేదు, ఎవరూ తాళ్లతో కట్టలేదు.

స్నానం చేసి వచ్చిన సునీల్‌కుమార్‌కు ఉత్సాహంగా చెప్పింది. అతను తల తుడుచుకుంటూ విన్నాడు.

"బాగుండాదిగానీ అది వద్దు మే. ఎవురు బాగా ఎగరతాడు, ఎవురికి బలం ఎక్కువ, అంతే జనానికి గావాల్సింది. తిండి గోల పెడితే వంటల చానలనుకుంటారు."

"వాని గురించే గదా చెప్పేది. ముగ్గురిలో ఒక్కడన్నా తిన్నావా అని అడగలేదంటే వాడేం గొప్పోడు?"

"అది తీసేసి రాయి," అని అతను అద్దం ముందుకు పోయాడు.

ఆదివారం పొద్దున్నే షోరూమువాళ్లు అతన్ని చిత్తూరులో బండ్ల మేళాకు పంపారు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. ఈడ కదిలే వీలు లేదు, ఆరుగంటలకు వీడియో పెడతానని అందరికీ చెప్పుండాను, పాత వీడియోల్లోంచి నా గొంతు ముక్కలు తీసుకోని ఎట్లో ఒకట్ల అతికించి పెట్టెయ్, నీకు తెలుసుగదా అన్నాడు.

నీకు తెలుసుగదా. ఆ మాట దగ్గర కృపారాణి ఆగింది. అతను తనకు తెలియకుండానే నిజం చెప్పేశాడు. ఫోన్ పెట్టేసి, జడ విప్పి మళ్లీ వేసుకుంది. బీరువాలోంచి ఆకుపచ్చ చీర తీసింది.

"యాడికే?" అంది ఎస్తేరమ్మ.

"యాడికీ కాదత్తా. ఈ ఫోను కొంచెం పట్టుకుంటావా? చెయ్యి ఆడకూడదు."

"ఆడితే ఆడతాదిలే, నువ్వు మాట్లాడు."

మొదటిసారి గొంతు తడబడింది. రెండోసారి మూడు నీలిపిడుగుల మేఘాలూ, కండలూ, వల్లెవాట్లూ గలగలా చెప్పుకుపోయింది. పాతవాడి కళ్లలో జాలి గురించి చెప్పేటప్పుడు తన కళ్లే మెరిశాయి. చివర్లో, "ఇప్పుడు మా అత్త అడిగిన ప్రశ్న" అని తార సంగతి ఎత్తుకుంది. "ముగ్గుర్లో ఎవురు గొప్పంటే, నేను నాలుగో బొమ్మ కోసం చూస్తా ఉండాను. అందులో ఉరుము వినబడినా సరే, తార ముద్ద దిగేదాకా వాడు కూర్చుంటాడు" అంది. "శబాష్!" అన్న ఎస్తేరమ్మ గొంతు కూడా అందులో పడింది. తీసెయ్యలేదు. ఆరుగంటలకు పెట్టేసింది.

ఏడు కాకముందే సునీల్‌కుమార్ ఫోన్ చేశాడు. "ఏంది మే ఇది? నా చానల్లో నువ్వు కనబడేదేంది?"

"మొదట్నించీ నేనుండాను గదయ్యా. ఇప్పుడు కనబడినాను, అంతే."

మేళా మైకు రొద మధ్య అతను ఫోన్ పెట్టేశాడు. అయినా కృపారాణికి వీడియో తీసెయ్యాలని మాత్రం అనిపించలేదు. దాని కింద జనం రాస్తూనే ఉన్నారు. వంటల చానలా అని కొందరు వెక్కిరించారు. నగరి నుంచి ఒకామె "మగ్గం దిగి, అందరికీ పెట్టి, అడుగున మిగిలింది తినే తారను నేనే" అని రాసింది. తడ నుంచి ఒకాయన తన భార్యను ఎప్పుడూ ఆ మాట అడగలేదని, ఇప్పుడే అడిగితే ఆమె ఒళ్లు బాగలేదా అని తన నుదురు పట్టుకుని చూసిందని రాశాడు. ఎస్తేరమ్మ అన్నీ చదివించుకుని, "నా మాట ఎంత దూరం పోయిందే!" అని మురిసిపోయింది.

సునీల్‌కుమార్ వచ్చేసరికి అత్తాకోడళ్లిద్దరూ కూర్చుని పితికిపప్పు పులుసుతో సంగటి తింటున్నారు. అతను చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని వచ్చి, కృపారాణి లేస్తుందేమోనని ఒక క్షణం నిలబడ్డాడు. ఆమె లేవలేదు. అతనే కంచం తెచ్చుకుని కిందనే కూర్చున్నాడు.

"మేళాలో అందురూ సూసినారు," అన్నాడు కంచంలోకి చూస్తూ. "మా ఓనరు పెళ్లాం నాతో చెయ్యి కలిపి మరీ పొగిడింది. ఏం పొగుడుతుండాదో నాకు అర్థం కాలే. మళ్లా బస్సులో మొత్తం సూసినాను."

"సూసి?"

"పాతవాని కండ్లల్లో జాలి ఉండాదని నేను ఎన్నిసార్లు సదివినానో. నిజంగా ఉండాదని ఇయ్యాలే తెలిసింది."

కృపారాణి పులుసు గిన్నె అతనివైపు జరపబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. అతనే వంగి అందుకున్నాడు. రెండు ముద్దలయ్యాక అతను కొంచెం జంకుతూ అడిగాడు.

"వచ్చే వారం వీడియో నేను చెయ్యొచ్చా?"

ఆమె గుక్కెడు నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి అంది.

"ఏం చెప్తావో రాసుకోని రా. బాగుంటే సూద్దాం."