బొమ్మ వెనక గడి

కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జిని చూస్తేనే లైబ్రరీ అక్కకి ఒళ్లు మంట. కాలేజీ మొత్తం అతనికి పెట్టిన పేరు నూటికినూరు. ఏ పని చెప్పినా "నూటికి నూరు అయిపోతుంది సార్" అంటాడు. అయిపోయిందనిపిస్తాడు కూడా. ఆ అనిపించడంలోనే ఉంది అతని ప్రతాపమంతా.

అది ఫిజియోథెరపీ కాలేజీ. చూపులేని విద్యార్థులు కూడా చదువుకునేలా వెబ్‌సైటులో పాఠాలన్నీ సిద్ధం చేయాలని ప్రభుత్వం గడువు పెట్టింది. శుక్రవారం తనిఖీ బృందం వస్తుంది. పాఠాల్లో ప్రతి బొమ్మ వెనకా ఒక ఖాళీ గడి ఉంటుంది. బొమ్మలో ఏముందో ఆ గడిలో రాస్తే, చూపులేని వాళ్ల ఫోను దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. మొత్తం బొమ్మలు పద్దెనిమిది వందల అరవై. ఎవరూ ముట్టుకోని ఆ పని చివరికి లైబ్రరీ అక్క నెత్తిన పడింది.

ఆవిడ తూతూమంత్రంగా కానిచ్చే మనిషి కాదు. తన మోచెయ్యి తనే నొక్కుకుని, తన భుజం తనే తడుముకుని, ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అర్థమయ్యాకే రాసేది. అనుమానం వస్తే అనాటమీ మేడం గది ముందు పడిగాపులు కాసేది. నాలుగు నెలల్లో నాలుగు వందల పన్నెండు బొమ్మలు పూర్తి చేసింది. వాటిని రోజూ వినేది రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె. పుట్టుకతోనే చూపు లేదు. అనాటమీ పరీక్ష రెండుసార్లు తప్పింది. సోమవారం మూడోసారి, అదే ఆఖరిసారి. ఇదీ పోతే సీటు పోతుంది.

బుధవారం పొద్దున్నే ఆ అమ్మాయి చేతికర్ర తాటిస్తూ లైబ్రరీకి వచ్చింది.

"అక్కా, మోకాలు పోయింది."

"అయ్యో, పడ్డావా తల్లీ?"

"నాది కాదక్కా, పాఠంలో మోకాలు. నిన్నటిదాకా మీరు రాసిందంతా వినిపించింది. ఇవాళ చూడండి."

ఫోను తీసి వేలు పెట్టింది. "బొమ్మ," అంది ఫోను. వేలు జరిపింది. "బొమ్మ." మళ్లీ జరిపింది. "బొమ్మ."

అక్క విసవిసా కంప్యూటర్ సెక్షన్‌కి వెళ్లింది. నూటికినూరు టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు.

"నాలుగు నెలల్లో మీరు నాలుగో వంతు కూడా చేయలేదు. నేను ఒక్క మీట నొక్కాను, అన్ని గడులూ నిండిపోయాయి," అన్నాడు.

"ఖాళీ గడుల్లో నీ ఇష్టం వచ్చింది రాసుకో నాయనా. నేను రాసినవి ఎందుకు చెరిపావు?"

"మీవేగా అసలు తలనొప్పి! గడి నిండిందా లేదా, అంతే మార్కులు వేసే తనిఖీ సాఫ్ట్‌వేర్ చూసేది. పొడుగెక్కువైతే ఎర్రగుర్తు పెట్టి మార్కులు కోస్తుంది. కాలేజీ మొత్తమ్మీద ఎర్రగుర్తులు మీరు రాసిన చోటే ఉన్నాయి. ఇప్పుడు నూటికి నూరు!"

"పాతవి ఎక్కడైనా దాచావా?"

"దాచుకోవడానికి అవేమైనా నగలా?" బిస్కెట్ విరిగి టీలో పడింది. వేలితో తీసుకుని నాకాడు. అక్క గిరుక్కున వెనుదిరిగింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. "సోమవారం ఆ పిల్లకి పరీక్ష సార్."

"ఒక్క పిల్ల కోసం కాలేజీ మార్కులు పోగొట్టుకుంటామా అమ్మా? తనిఖీ కానివ్వండి, తర్వాత చూద్దాం."

ఆ పిల్లలాంటి వాళ్ల కోసమే కదయ్యా ఈ తనిఖీ అన్న మాట అక్క నోటిదాకా వచ్చింది. కానీ ఎదుట ఉన్న ముఖం తృప్తిగా, నున్నగా ఉంది. ఆ ముఖానికి మాట అంటదని తెలిసి బయటికి వచ్చేసింది.

"రాసింది పోతే పోయింది, నా ఒళ్లు ఎక్కడికీ పోలేదుగా," అని అమ్మాయిని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ పిల్ల చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకుంది. "ఇది చిప్ప. తొడ ముందు నాలుగు కండరాలూ ఇక్కడికొచ్చి కలుస్తాయి. ఇంకా కిందికి రా. బొడిపె తగిలిందా? అక్కడ ఆగుతాయి. గట్టిగా నొక్కకే, ఎప్పట్నుంచో నొప్పి!"

శుక్రవారం కూడా అలాగే కూర్చుని ఉండగా ప్రిన్సిపాల్ తనిఖీ బృందాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "మా శ్రద్ధ చూడండి సార్," అన్నాడు. నూటికినూరు ఫొటో తీశాడు.

"ఒక్క పాఠం తెరిచి వినండి సార్," అంది అక్క, తనిఖీ అధికారితో.

"మార్కులు చూశాం కదమ్మా, నూటికి నూరు వచ్చాయి," అన్నాడాయన, చేతిలో టాబ్ మీంచి తలెత్తకుండా. ఛీ, వీళ్లతోనా మాట్లాడేది అనుకుని అక్క మొహం తిప్పుకుంది.

సోమవారం సాయంత్రం అమ్మాయి పరీక్ష రాసి నేరుగా లైబ్రరీకి వచ్చింది.

"మొదటి ప్రశ్న మోకాలే. మీ మోకాలు తలుచుకుని, నా బదులు రాసిపెట్టే అమ్మాయికి మొత్తం చెప్పేశాను. రెండోది పాదం." చేతికర్ర బల్లకి ఆనించింది. "అక్కడిదాకా మనం రాలేదు కదక్కా."

పాదం మీద అక్క పదిహేడు బొమ్మలకి రాసింది. ఒక్కటీ మిగల్లేదు. ఆవిడకి ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఒళ్లంతా కడుక్కోవాలనిపించేంత అసహ్యం.

"పోనీలెండి," అని అమ్మాయే సర్ది చెప్పింది. "వెబ్‌సైటులో మొదటి పేజీలో మన ఫొటో వేశారట, అందరూ చెబుతున్నారు. ఎలా ఉన్నామో విందామా?"

అక్క వద్దనేలోపే వేలు పెట్టింది.

"బొమ్మ," అంది ఫోను.