నాలుకమీది నీలం

చిటికెడు బూడిద నాలుకమీద వేసుకుని తుర్దాలి కళ్లు మూసుకున్నాడు. మూసినా తెరిచినా ఇప్పుడాయనకు పెద్ద తేడా లేదు. శుక్లాలు కమ్మి లోకమంతా మజ్జిగలా ఉంది.

మీసాలు రాకముందు నుంచీ ఆయన పని ఇదే. కొండ పొదలు కాల్చిన బూడిదను రుచి చూసి, తమ ఊరు రిష్తాన్‌లో చేసే మట్టి పళ్లేలకు మెరిసే నీలిపూత కలపడం. సారె తిప్పింది అన్నలు, పూలు గీసింది తమ్ముళ్లు. ఏ పళ్లెం అడుగునా ఆయన పేరు లేదు.

"ఘాటు చాల్లేదు. ఇంకో రెండు గుప్పిళ్లు వెయ్యి."

కొత్త కోడలు జుమ్రద్ తనూ నాకి మొహం చిట్లించింది. "ఒక్కటి చాలు మామయ్యా. పొద్దున మీరు పచ్చి ఉల్లిపాయ తిన్నారు."

తుర్దాలి పొట్ట కదిలేలా నవ్వాడు.

ఈ విద్య కొడుకు ఒడిల్‌కి రావలసింది. నాలుక కింద ఎప్పుడూ నాటు పొగాకు పెట్టుకుని వాడు రుచి చంపుకున్నాడు. కిందటిసారి వాడు కలిపిన పూతకు బట్టీడు పళ్లేలూ కప్ప రంగు తేలాయి. అందుకే తుర్దాలి పట్టుబట్టాడు: కోడలు కలిపిన పూత నీలంగా వస్తేనే తాష్కెంట్ వెళ్లి కళ్లు బాగుచేయించుకుంటాడు. లేకపోతే, చూపు పోయినా సరే, ఈ బూడిద దగ్గరే ఉంటాడు.

ఆమె మొదటిసారి కలిపిన పూత పూసిన పళ్లేలు అప్పటికే బట్టీలో చల్లారుతున్నాయి. మధ్యాహ్నం ఒడిల్ బట్టీ మూతి ఇటుకలు తీశాడు. గోరువెచ్చని పళ్లేన్ని జుమ్రద్ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏమ్మా, నువ్వు కూడా పొగాకు మొదలెట్టావా? రంగు చెప్పు."

ఆమె పళ్లేన్ని ఎండకెత్తి ఆయన ముఖానికి దగ్గరగా పట్టింది. మజ్జిగ మధ్యలో నీలం మెల్లగా విచ్చుకుంది. తుర్దాలి గోటితో మీటాడు. ఖంగుమంది.

"మా నాన్న కలిపిన నీలమే ఇది" అన్నాడు. నవ్వు ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

"ఇంక ఇంట్లో నన్నెవరు లెక్కచేస్తారు?" అని ఒడిల్ గొణిగాడు.

"నీ పెళ్లాం చేస్తుందిలేరా. ముందు ఆ పొగాకు ఉమ్మేసి రా."

పళ్లెం అడుగున తుర్దాలి వేళ్లకు గీతలు తగిలాయి. "ఏం రాశావమ్మా?"

"తిరిగొచ్చి మీరే చదువుకోండి."

సాయంత్రం గుమ్మం ముందు తాష్కెంట్ వెళ్లే కారు ఆగింది. జుమ్రద్ వేడి రొట్టె తెచ్చింది. అక్కడి ఆచారం ప్రకారం ఊరెళ్లేవాళ్లు ఒక ముక్క కొరికి వెళ్లాలి, మిగిలింది వాళ్లొచ్చేదాకా ఇంట్లోనే ఉండాలి.

"చిన్నగా కొరకండి మామయ్యా. మిగతాది తినడానికైనా వస్తారు."

కారు మలుపు తిరిగింది. గోడగూట్లో నీలి పళ్లెం, దాని అడుగున ఆయన పేరు, పళ్లెంలో రొట్టె. రొట్టె అంచున ఆయన పంటిగాట్లు, మధ్యలో ఊడిపోయిన ముందుపంటి చోట చిన్న సందు.